డైనమో వేషంలో ఆల్టర్నేటరు

మేడమీదాయన మాట్లాడుతుంటే నాకు నిద్ర ముంచుకొచ్చింది.

తప్పు ఆయనది కాదు. కిటికీ అవతల పొద్దుటినుంచి విడవని మంచు, ఇవతల వంటింటి పొయ్యి వెచ్చదనం, వాటికి తోడు జోల పాడుతున్నట్టుండే ఆయన గొంతు. విచారణకు వచ్చి కునికిపాట్లు పడ్డానని తెలిస్తే ఇన్‌స్పెక్టరు నలుగురిలో నా పరువు తీసేస్తాడు. అతను నా భార్యకు తమ్ముడు. నేను ప్రైవేటు డిటెక్టివునని చెప్పుకోవడం వాళ్ళింట్లో ఇప్పటికీ నవ్వులాటే.

అయినా నా కునుకు వేరు. ఎవరైనా తాము కళ్ళారా చూసింది చెబుతుంటే నేను కళ్ళు మూసుకుని అందులోకి దిగి నిలబడతాను. గాలి, వెలుతురు, చప్పుడు అన్నీ వాళ్ళు చెప్పినట్టే అమర్చుకుంటాను. చెప్పింది నిజమైతే ఆ కల సాఫీగా నడుస్తుంది. అబద్ధమైతే ఎక్కడో ఒకచోట కాలికి రాయి తగులుతుంది.

"మళ్ళీ మొదట్నించీ చెప్పండి," అన్నాను. "నిన్న సాయంత్రం డాక్టరుగారు కారు తీసుకుని వెళ్ళడం మీరు ఎక్కణ్ణించి చూశారు?"

"మేడమీద వరండాలోంచి. అన్నీ ఇన్‌స్పెక్టరుగారికి రాసిచ్చాను కదండీ."

"అతను అది చదివాడు. నేను వింటాను."

ఈయన డాక్టరుగారి బావమరిది. చెల్లెలు పోయాక కూడా ఇరవై ఏళ్ళుగా ఈ ఇంటి మేడమీదే ఉంటున్నాడు కాబట్టి అందరికీ మేడమీదాయన. కింద కళ్ళ డాక్టరుగారు, పైన ఈయన, పక్క షెడ్డులో డాక్టరుగారు వయసులో ఉండగా కొన్న నల్ల కారు. ఇంట్లో ఉండేది ఆ ముగ్గురే అనుకోవచ్చు. ముగ్గురిలో ఇద్దరు నిన్న సాయంత్రం కొండ మలుపు దగ్గర రాతిగోడకు గుద్దుకుని దొరికారు. కారు ముక్కు నుజ్జయింది. డాక్టరుగారు తలకు దెబ్బ తగిలి, ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉన్నారు.

"చీకటి పడబోతోంది," అన్నాడు మేడమీదాయన. "మంచు ఇలాగే ఉంది. బావ రోజూ ఆ వేళకి కారుని కొండ మలుపు దాకా తిప్పుకొస్తాడు. లేకపోతే ముసల్దానికి కీళ్ళు పట్టేస్తాయంటాడు. షెడ్డులోంచి తీసి గేటు దగ్గర ఆపాడు. ఆపగానే లైట్లు మసకబారిపోయాయి. నూనె అయిపోయిన దీపాల్లాగా, ఎర్రగా. 'బావా, లైట్లు బాలేవు, ఇవాళ్టికి మానెయ్' అని పైనుంచి అరిచాను. వింటేగా! చెయ్యి ఊపి ఎక్సిలరేటరు తొక్కాడు. ఇంజను గుర్రుమంది, లైట్లు మళ్ళీ పెరిగాయి. మంచులో పచ్చగా రెండు ముద్దలు అలా పోతూ పోతూ కరిగిపోయాయి."

నేను కళ్ళు మూసుకుని గేటు పక్కన నిలబడి చూశాను. కారు వచ్చింది, ఆగింది, లైట్లు మసకబారాయి, పెరిగాయి, మంచు వాటిని మింగేసింది. ఎంత అందంగా ఉందో చెప్పలేను. రాయి ఎక్కడా తగల్లేదు. నాకు నచ్చనిది అదే. సొంత బావ ఆసుపత్రిలో ఊపిరికోసం పెనుగులాడుతుంటే ఇంత నున్నగా, ఇంత తీరుబడిగా చెప్పడం ఎవరికి చేతనవుతుంది?

కళ్ళు తెరిచి గది చూశాను. పొయ్యి పక్కన గోడవారగా ఒక చెక్కపీట, దానిమీద నలుచదరపు నల్లటి మరక.

"అదేంటి?"

"బ్యాటరీ పీట. చలి మొదలైందంటే బావ కారు షెడ్డులో పెట్టగానే బ్యాటరీ ఊడదీసి ఇక్కడికి తెచ్చేస్తాడు. వెచ్చగా పడుకోవాలట. బయల్దేరేముందు మళ్ళీ తీసుకెళ్ళి బిగించుకోవాలి. ఏ ఇంట్లోనైనా ఉందా అండీ ఈ చాదస్తం?"

"ఎవరు బిగిస్తారు?"

"బావ. ఆయనకి నడుం పట్టేస్తే నేను. కళ్ళకి గంతలు కట్టినా బిగించేస్తాను, అంత అలవాటు."

"నిన్న?"

"బావే బిగించుకుని ఉంటాడు. నేను పళ్ళ డాక్టరు దగ్గర పొద్దంతా కూర్చుని నాలుగింటికి కదా ఇల్లు చేరాను."

పీట పక్కనే ఒక జత కాన్వాసు బూట్లు ఆరుతున్నాయి. లోపల కాగితాలు కుక్కి ఉన్నాయి.

"బూట్లు తడిశాయే?"

"మొక్కలకి నీళ్ళు పోశాను."

"ఈ మంచులోనా?"

"మంచు ఆకుల్ని తడుపుతుంది కానీ వేళ్ళని తడపదు కదండీ," అన్నాడు చిరునవ్వుతో. జవాబు బాగానే ఉంది. అన్నిటికీ ఆయన దగ్గర జవాబు బాగానే ఉంది.

"డాక్టరుగారు ఈ ఇల్లు కళ్ళాసుపత్రికి రాసిచ్చేస్తున్నారటగా? మేడతో సహా."

ఈసారి చిరునవ్వు రావడానికి కొంచెం ఆలస్యమైంది. "బావ ఇష్టం. ఒంటరివాణ్ణి, ఎక్కడో ఒక గది దొరక్కపోతుందా?" అని లేచి కోటు తగిలించుకున్నాడు. "మరి నన్ను వదిలిపెడితే ఆసుపత్రికి వెళ్ళాలి. కళ్ళు తెరిచేసరికి మనవాళ్ళంటూ ఒకరు కనపడాలి కదా. ఇన్‌స్పెక్టరుగారే పక్కన కూర్చోమన్నారు."

ఆయన మంచులోకి నడిచి వెళ్ళిపోయాడు. అడుగుల చప్పుడు కూడా వినపడలేదు.

*

పోలీస్‌స్టేషను వెనక రేకుల షెడ్డులో నల్ల కారు నిలబెట్టి ఉంది. పైకప్పులోని గాజుపలక నుంచి పాలలాంటి వెలుతురు దానిమీద పడుతోంది. ముక్కు నలిగినా వెనక భాగం నిగనిగలాడుతూ, ఎవరో కలలో చూసిన కారుని తెచ్చి నేలమీద దించినట్టుంది.

"వచ్చావా బావా!" అన్నాడు మా బామ్మర్ది. "మెలకువగానే ఉన్నావా, నిద్రలో నడుస్తున్నావా?"

"మీ అక్క కాఫీ పోసి పంపింది, మెలకువే. నీ సంగతి చెప్పు."

"నా సంగతి అయిపోయింది. సాయంత్రం ఈ అమ్మాయిని అరెస్టు చేస్తున్నాను."

కారు పక్కన నిలబడ్డ అమ్మాయి బానెట్ వైపే చూస్తోంది. డాక్టరుగారి తమ్ముడి కూతురు. పాత కార్ల కరెంటు పని చేసే వర్క్‌షాపు నడుపుతుంది. గోళ్ళలో నల్లటి గ్రీజు. నన్ను ఈ కేసుకి పిలిచింది తనే, అరెస్టు తప్పించమని కాదు. "తప్పు నాదో కాదో కనుక్కోండి, నాదైతే నాతోనే చెప్పండి" అంది పొద్దున్న ఫోనులో. అలాంటి మనిషిని నేను నా వృత్తిలో ఇంతకుముందు చూడలేదు.

బామ్మర్ది చేతులు కట్టుకుని మొదలుపెట్టాడు. "నిన్న పొద్దున్న ఈ అమ్మాయి కారుకి కరెంటు చేసిచ్చే పాత డైనమో పీకేసి, ఆ పనికే ఆల్టర్నేటరు బిగించింది. సాయంత్రానికల్లా అది మాడి బొగ్గయింది. మా మెకానిక్కు దాని వెనక మూత తీసి చూశాడు. లైట్లు మసకబారడం చూసిన సాక్షి ఉన్నాడు. మంచులో లైట్లు పోయాయి, పెద్దాయన గోడకి గుద్దాడు. ఇందులో కల కనడానికి ఏముంది బావా?"

"ఆల్టర్నేటరు ఏదీ?" అని అడిగాను బానెట్ కింద చూస్తూ. నాకు కనిపించింది పాతకాలపు డైనమో ఒక్కటే, పొడుగాటి గుండ్రటి డబ్బా, దుమ్ము కొట్టుకుని ఉంది.

"అదేనండీ," అంది అమ్మాయి. "చూడ్డానికే డైనమో. లోపల ఆల్టర్నేటరు."

"అదేం వేషం?"

"పెదనాన్న కోసం." ఆమె ఆ డబ్బా మీది దుమ్ముని వేలితో తాకింది. "కొత్తరకం ఆల్టర్నేటరు చూపిస్తే 'ముసల్దానికి ముక్కు మారుస్తావా' అని గయ్యిమన్నారు. పోనీ బాగా బలమైంది పెడదామంటే ఈ పాత వైర్లు ఓర్చుకోవు. అటు బలం మరీ ఎక్కువ కాకూడదు, ఇటు మొహం మారకూడదు. వెతికి వెతికి, పాత డైనమో తొడుగులో చేసినది ఒకటి దొరికితే తెప్పించాను. రంగు వేశాను. పాతదాని దుమ్ము కూడా దులిపి దీనికి పూశాను. ఆయన చూసి ఎంత నవ్వారో!"

"మార్చిన సంగతి ఎవరెవరికి తెలుసు?"

"నిన్నటికి మా ఇద్దరికే. మేడమీద మావయ్యకి చెప్పొద్దన్నారు పెదనాన్న. సాయంత్రం వరండాలోకి పిలిచి, గేటు దగ్గర కారు ఆపి లైట్లు చూపిస్తాను, నోరు తెరుస్తాడు చూడు అన్నారు. మధ్యాహ్నం మా వర్క్‌షాపునుంచి ఇంటికి మంచులో లైట్లేసుకుని చిన్నపిల్లాడిలా వెళ్ళారు." ఆమె చూపు తిప్పుకుంది. "రాత్రంతా ఒక్కో వైరూ మనసులో మళ్ళీ బిగించి చూసుకున్నానండీ. తప్పు దొరకలేదు. దొరక్కపోతే మాత్రం, పెదనాన్న అక్కడ పడున్నారు కదా. నా చేతులతోనే చేశానేమో."

ఓదార్పు చెప్పడం నాకు చేతకాదు. అందుకని ఇంకాస్త వంగి చూశాను. బ్యాటరీ ముందు అద్దం కింది రేకుకి ఆనుకుని, దెబ్బ తగలకుండా ఉంది.

"దీన్ని ఎవరైనా ముట్టుకున్నారా?"

"నా మనుషులు వేలు కూడా పెట్టలేదు," అన్నాడు బామ్మర్ది. "కావాలంటే గోడ దగ్గర తీసిన ఫోటోలు చూసుకో."

"అమ్మాయ్, ఇటు రా. నిన్న నువ్వు బిగించినట్టే ఉందా?"

ఆమె వంగింది. అలాగే ఉండిపోయింది. తరవాత చాలా మెల్లగా, నిద్రలో మాట్లాడుతున్నట్టు అంది: "తిరగేసి పెట్టారు."

"అంటే?"

"ఈ కారు పుట్టుకే తలకిందులు. ఇప్పటి కార్లలో బ్యాటరీ మైనస్ వైపు బాడీకి కలుపుతారు. దీంట్లో ప్లస్ బాడీకి. ఆల్టర్నేటరుకి అలా కుదరదు. అందుకే నిన్న మొత్తం మార్చి, అన్ని కార్లలాగే మైనస్‌ని బాడీకి ఇచ్చాను. మళ్ళీ ఎవరో పాత పద్ధతిలో పెట్టేశారు. ఇలా కలిపిన క్షణమే ఆల్టర్నేటరు మాడిపోతుంది."

బాడీకి వెళ్ళే వైరు చివరి క్లాంపు నాకు కనపడింది. బ్యాటరీ మైనస్ మొన సన్నం, ప్లస్ మొన లావు. సన్నదానికి సరిపోయే క్లాంపుని స్క్రూడ్రైవరుతో నోరు తెరిచి లావుదానికి దిగ్గొట్టారు. సీసం మీద గీతలు ఇంకా తళతళలాడుతున్నాయి.

"ఊరిలో ఏ మెకానిక్కైనా మైనస్‌నే బాడీకి కలుపుతాడు," అన్నాను. "దొంగైనా అంతే. ఇలా కలపాలని తోచేది ఈ కారుతో కాపురం చేసినవాళ్ళకే."

బామ్మర్ది ఒక్క నిమిషం తగ్గాడు. అంతే. వెంటనే మొహం వెలిగిపోయింది. "అయితే పెద్దాయనే! జన్మంతా అలాగే పెట్టిన చెయ్యి, పాత దారిలోనే పోయింది. క్లాంపు పట్టకపోతే మొండికేసి కొట్టాడు. సరే, అమ్మాయి నిర్లక్ష్యం అనను. ప్రమాదం అని రాసేసి ఫైలు మూసేస్తాను. సంతోషమేనా?"

"నా ఎదుటే కొత్త పద్ధతిలో మళ్ళీ మళ్ళీ పెట్టించి చూశానండీ," అంది అమ్మాయి. "'కళ్ళ డాక్టర్ని, నాకు కనపడుతుందే' అని కసిరారు కూడా." తరవాత ఆమెకే అనుమానం వచ్చింది. "ఇంకోసారి పెట్టించాల్సిందా? పైన ఎర్రరంగు పూసి ఉంటే..."

అరెస్టు తప్పింది కానీ ఆమె నెత్తిమీది బరువు ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మారింది, అంతే. ఈ బరువుతో ఆమె ఎన్నేళ్ళు బతకాలి? నాకు బామ్మర్ది మీద ఒళ్ళు మండింది. వెనక తలుపు తెరిచి కారు సీట్లో కూర్చుని కళ్ళు మూసుకున్నాను.

"ఇదుగో, మా బావ దర్యాప్తు మొదలుపెట్టాడు," అన్నాడు అతను. "దుప్పటి తెప్పించమంటావా?"

సీటు తోలు చల్లగా, మెత్తగా ఉంది. మందులు, పాత పుస్తకాలు కలిసిన వాసన. మళ్ళీ గేటు దగ్గరికి వెళ్ళాను. మంచు, వరండా, కారు అన్నీ తమ తమ చోట్లలో సిద్ధంగా ఉన్నాయి. కారు వచ్చి ఆగింది.

"అమ్మాయ్," అన్నాను కళ్ళు తెరవకుండా. "కారు ఆగితే లైట్లు ఎందుకు మసకబారతాయి?"

"డైనమో ఉంటే అంతేనండీ. ఇంజను మెల్లగా తిరిగితే అది కరెంటు ఇవ్వదు. ఎక్సిలరేటరు తొక్కితే మళ్ళీ ఇస్తుంది. గేటు దగ్గర తగ్గడం, తొక్కితే పెరగడం, చిన్నప్పట్నించీ చూస్తున్నదే."

"ఆల్టర్నేటరు ఉంటే?"

"ఆగినా తగ్గవు. దానికోసమే కదా మార్చింది."

కలలో కారు గేటు దగ్గర ఆగి ఉంది. లైట్లు తగ్గమన్నాను. తగ్గలేదు. తెల్లగా, నిబ్బరంగా, మంచుని చీలుస్తూ నిలబడ్డాయి.

"పోనీ, బ్యాటరీ తిరగేసి పెట్టి ఆల్టర్నేటరు మాడిపోయిందనుకో. అప్పుడు?"

"ఉన్న బ్యాటరీ మీదే నడుస్తుంది. నిమిషం నిమిషానికీ లైట్లు నీరసపడతాయి."

"ఎక్సిలరేటరు తొక్కితే పెరుగుతాయా?"

"ఎలా పెరుగుతాయండీ? కరెంటు ఇచ్చేదే పోయాక..."

ఆమె ఆగిపోయింది. కలలో నేను ఎక్సిలరేటరు తొక్కాను. ఇంజను గుర్రుమంది. లైట్లు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి, పెరగలేదు. ఎటు తిప్పి నడిపినా మేడమీదాయన చెప్పిన సాయంత్రం నిన్న ఎక్కడా కుదరడం లేదు. సరిగ్గా కలిపి ఉంటే లైట్లు మసకబారవు. తిరగేసి కలిపి ఉంటే మళ్ళీ పెరగవు. ఆ పచ్చటి ముద్దలు నిన్నటివి కావు. ఇరవై ఏళ్ళ సాయంత్రాలలో ఆయన వరండాలోంచి చూసి చూసి దాచుకున్నవి.

కళ్ళు తెరిచాను.

"బామ్మర్దీ, నీ సాక్షి నిన్న వరండాలో లేడు."

"మంచులో సరిగ్గా కనపడక..."

"కనపడి ఉంటే, ఇవాళ లైట్లు మసకబారలేదేంటా అని నోరు తెరిచేవాడు. లేదా మసకబారాక పెరగలేదేంటా అని కంగారుపడేవాడు. ఎప్పుడూ జరిగేదే జరిగిందని చెప్పాడంటే, జరిగింది చూడలేదన్నమాట. ఎందుకు చూడలేదు? కారులో ఉన్నాడు కాబట్టి. షెడ్డులో వెనకనుంచి బావ తల పగలగొట్టాడు. బ్యాటరీ వంటింట్లో ఉంది, తెచ్చుకున్నాడు. బానెట్ ఎత్తితే ఎప్పటి డైనమోనే కనిపించింది. చెయ్యి ఎప్పటిలాగే బిగించింది. క్లాంపు పట్టకపోతే, ముసల్దాని మొండితనం అనుకుని స్క్రూడ్రైవరు పెట్టాడు. కాస్త పొగ వచ్చే ఉంటుంది, పాత కారు పొగ వదిలితే ఎవరికి వింత? ఎవరి కంటా పడకుండా, లైట్లు వెయ్యకుండానే కొండదాకా తనే నడిపి, పెద్దాయన్ని స్టీరింగు ముందుకి జరిపి, మలుపు పైనుంచి వదిలేశాడు. తడిగడ్డిలో నడుచుకుంటూ ఇంటికొచ్చి బూట్లు పొయ్యి దగ్గర పెట్టుకున్నాడు. ఇప్పటికీ ఆరలేదు, వెళ్ళి చూసుకో."

బామ్మర్ది ఎదురు చెప్పలేదు. అతను ఎదురు చెప్పకపోవడం మా పెళ్ళయిన తరవాత ఇదే మొదటిసారి.

"ఇల్లు ఆసుపత్రికి ఇచ్చేస్తే మేడ పోతుందనా?" అన్నాడు చివరికి, నీరసంగా.

అమ్మాయి కారు మడ్‌గార్డు మీద చెయ్యి వేసి నిలబడింది. "అయితే పెదనాన్న తప్పుగా పెట్టలేదు," అంది. "నేనూ తప్పు చెయ్యలేదు." మొదటిసారి ఏడ్చింది, చప్పుడు లేకుండా. నా కళ్ళు కూడా చెమర్చాయి. దాచుకోలేదు.

అప్పుడు బామ్మర్ది నా చెయ్యి పట్టుకున్నాడు.

"బావా, అతన్ని పెద్దాయన పక్కన కూర్చోబెట్టింది నేనే."

అతను అది అంటుండగానే జేబులో ఫోను మోగింది. నర్సు. అందరికీ వినపడేలా పెట్టాడు.

"సార్, మంచి కబురు! పేషెంటు కళ్ళు తెరిచారు. మాట కూడా వచ్చింది. 'ఆగినా లైట్లు తగ్గలేదు, అమ్మాయికి చెప్పండి' అన్నారు. నాకేం అర్థం కాలేదనుకోండి. వాళ్ళ బావమరిదిగారు పక్కనే ఉన్నారు. ఏం లైట్లు, ఎప్పుడు తగ్గలేదు అని ఆయన ఒకటే అడిగారు. కొత్తది బిగించారట కదా, పాపం దాని గురించే ఏదో చెప్పారు పెద్దాయన."

"ఆయన ఇప్పుడెక్కడున్నారు?" అన్నాను.

"లోపలే. పేషెంటుకి కాస్త నిద్ర పట్టాలి, ఎవర్నీ రానివ్వొద్దని నన్ను బయటికి పంపారు. ఎంత శ్రద్ధో ఆయనకి! గడియ కూడా వేసుకున్నారు."

"తలుపు కొట్టండి!" అని అరిచాడు బామ్మర్ది. "అందర్నీ పిలవండి, పగలగొట్టండి!"

అమ్మాయి అప్పటికే జీపు దగ్గరికి పరిగెత్తింది. మేం ఎక్కేలోగా ఇంజను స్టార్టు చేసింది, లైట్లేసింది. ఎదురుగా మంచు తప్ప ఏమీ కనపడటం లేదు. బామ్మర్ది ఒళ్ళోని ఫోనులో ఎవరో తలుపు బాదుతున్న చప్పుడు వినపడుతూనే ఉంది. లోపలినుంచి ఎవరూ పలకడం లేదు.